కోకిల ఎత్తిన వాసకాలు

నాకు కోపం తొందరగా వస్తుంది. అర్జీలు రాసుకు బతికేవాడికి ఉండకూడని గుణమే. కానీ గుడియాత్తం తాలూకాఫీసు ఎదుట ముప్పై ఏళ్లుగా ఒక మడతబల్లా, ఒక నల్ల గొడుగూ, రెండు పెన్నులూ పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. లోపల తిన్న చీవాట్లన్నీ జనం బయటికొచ్చి నా బల్ల మీదే దించుతారు. కోపం రాక ఏమొస్తుంది? నా పేరు సుందరరాజులు. అరవంలో రాస్తాను, తెలుగులో తిడతాను. మా ఊళ్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు వీధికి సగం మంది ఉన్నారు గానీ తెలుగు అక్షరం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్క. మా తాత చెవి మెలిపెట్టి నేర్పాడు కాబట్టి ఈ కథ తెలుగులో రాస్తున్నాను. ఇది అర్జీ కాదు, ఎవరి ముద్రా అక్కర్లేదు.

వేలల్లో అర్జీలు రాశాను. తెలిసి తెలిసి తప్పు రాసింది ఏదీ లేదు. తెలియక రాసింది ఒకటి ఉంది. అది కోకిలది.

రెండువేల తొమ్మిదో సంవత్సరం, ఎండలు ఇంకా ముదరలేదు. ఒక సోమవారం పొద్దున కోకిల రోడ్డుకు అవతలినుంచే చెయ్యి ఊపుకుంటూ, బస్సుకు అడ్డం పడి, డ్రైవరు చేత తిట్టించుకుని నా బల్ల దగ్గరికి పరుగున వచ్చింది. నలభై దగ్గర వయసు, మంచి పొడగరి, మోచేతులదాకా ఎండిన సిమెంటు. చేతిలో కొత్త కార్డు.

"చూడన్నా! సర్కారోళ్లు నా పేరు రాసినారు! కోకిల! ఇంగో, ముద్ర గూడా ఉండాది!"

మగబిడ్డగా పుట్టి ఆడమనిషిగా బతికేవాళ్లను అరవంలో ఇప్పుడు మర్యాదగా తిరునంగై అంటున్నాం. అంతకుముందు మా ఊరు వాళ్లను ఏమని పిలిచేదో రాయడానికి నా పెన్ను ఒప్పుకోదు. ముందటేడు సర్కారు వాళ్లకోసమని ఒక బోర్డు పెట్టింది, కార్డులిచ్చింది. ఆ కార్డును నేను అటూ ఇటూ తిప్పి చూశాను. ఫొటోలో కోకిల నవ్వలేదు గానీ, నా ఎదుట మాత్రం ముప్పై రెండు పళ్లూ కనిపించేలా నవ్వుతోంది. టీ తెప్పించాను. ఆమె తాగకుండా దాన్ని చల్లార్చి, అసలు సంగతి చెప్పింది.

"ఇంగొక కార్డు కావాలన్నా. పనోళ్ల కార్డు. కోకిల, కొత్తనారు అని రాసి ఉండాల. రెండూ ఒకే కార్డులో."

ఇక్కడ మా ఊరి కట్టడపు పని గురించి చెప్పాలి. తాపీ పట్టి గోడ కట్టే మేస్త్రి కొత్తనారు. వాడు మగవాడు. ఇటుకలూ సిమెంటూ తట్టలో మోసి అందించేది చిత్తాళు. ఆమె ఆడది. ఇరవై ఏళ్లు మోసినా చిత్తాళు చిత్తాళే, ఆమె చేతికి తాపీ రాదు. ఇది ఎక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. కూలి కూడా ఆ లెక్కనే.

కోకిల పరదరామి వైపునుంచి వచ్చిన జయరాములు మేస్త్రి బిడ్డ. ఆయన గోడ కడితే వరస సరిచూసే నూలుతాడు పట్టి చూడాల్సిన పని లేదని పేరు. తొమ్మిదేళ్లకే బిడ్డ చేతికి తాపీ ఇచ్చాడు. ఇరవై నాలుగేళ్లకు కట్టడపు పనోళ్ల సంఘంలో చేర్పించి, వేలూరులో వాళ్ల కార్డులిచ్చే సర్కారు ఆఫీసులో కొత్తనారుగా పేరెక్కించాడు. ఆ పేరు నాకు తెలుసు. చెప్పను. చెప్పొద్దని కోకిల అడిగింది, అంతే.

ఆ మరుసటేడు కోకిల ఇల్లు వదిలి వేలూరులో పాపాతమ్మ దగ్గరికి వెళ్లింది. పాపాతమ్మ పెద్ద తిరునంగై, కోకిలను కూతురుగా తీసుకున్న అమ్మ. మూడేళ్ల తర్వాత ఇద్దరూ గుడియాత్తం వచ్చేశారు. కోకిల చీరకట్టుతో, నడుముకు తాపీ దోపుకుని, తండ్రి దగ్గర పని నేర్చుకున్న మారియప్పన్ మేస్త్రి ముందు నిలబడి పని అడిగింది. అప్పటికి తండ్రి పోయాడు.

మారియప్పన్ కిందికీ పైకీ చూసి, "చీర కడితివి గదా, ఇంగ తట్ట ఎత్తు" అన్నాడట.

ఎత్తింది. పదేళ్లు ఎత్తింది. ఎత్తుతూనే కిందినుంచి, "అన్నా, మూడో వరస నూలు తప్పింది" అని అరిచేది. మేస్త్రీలకు ఒళ్లు మండేది. కానీ నూలు పట్టి చూస్తే తప్పే ఉండేది. మధ్యాహ్నం వాళ్లు తిని కునుకు తీస్తుంటే వంకర వరసలు విప్పి సరిచేసి పెట్టేది. మా బజారులో ఎన్ని గోడలు ఆమె చేతి చలవ వల్ల నిలబడి ఉన్నాయో ఏ పుస్తకంలోనూ లేదు. అంతకుముందు కట్టినవేమో ఇప్పుడు లేని ఒక మగమనిషి పేర ఉన్నాయి. నాకు కోపం రావడానికి ఇలాంటివి చాలు.

సరే, ఆ సోమవారం దరఖాస్తు నేనే నింపాను. మగ, ఆడ అని రెండే గళ్లు. "ఆడ" అంది, టిక్కు పెట్టాను. ఆమె పాపాతమ్మకు ఫోన్ చేసి గట్టిగా సంతోషం చెప్పుకుంటోంది. నా చెయ్యి కిందికి జారి, పని అన్నచోట చిత్తాళు అని రాసేసింది. ఆమె చెప్పింది చెవిలోనే ఉంది, చెయ్యి వినలేదు. ఏళ్ల తరబడి అలవాటు. మగవాడొస్తే "ఏం పనప్పా?" అని అడుగుతాను, ఆడది వస్తే అడగను, చెయ్యే రాసుకుపోతుంది. ఆమె నన్ను నమ్మి చదవకుండా సంతకం పెట్టింది.

రెండు నెలలకు కార్డు వచ్చింది. కోకిల మిఠాయి పొట్లంతో వచ్చి, నా ఎదుటే కవరు చించి చదివింది. మళ్లీ చదివింది. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టింది.

"నీ చేత్తోనే రాస్తివే అన్నా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. గొడుగు మడిచేసి, "రేపు వేలూరు పోతాం, పద" అన్నాను.

మరునాడు పొద్దున ప్యాసింజరు ఎక్కాం. పాపాతమ్మ కూడా వచ్చింది, డెబ్బై ఏళ్ల మనిషి, నోట్లో తమలపాకు. లత్తేరిలో ఒకాయన ఎక్కి మమ్మల్ని చూడకుండానే జేబులో చెయ్యి పెట్టి కోకిల వైపు ఒక నాణెం చాపాడు. కోకిల చిరునవ్వుతో, "నేను టికెట్టు తీసుకొనుండా అన్నా, నువ్వు తీసుకున్యావా?" అంది. ఆయన తీసుకోలేదు! కాట్పాడి దాకా కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. పాపాతమ్మ నవ్వి నవ్వి తమలపాకు మింగేసింది.

కాట్పాడినుంచి బస్సులో వేలూరు. ఆఫీసు ఏ వీధిలోదో చెప్పను. గుమాస్తా పేరు రంగనాథన్, చెడ్డవాడేం కాదు. పెద్ద పుస్తకం తీసి తిప్పి, "ఇదిగోమ్మా, నీ పాత పేరు. కొత్తనారు అనే ఉంది. ఇది కావాలంటే ఇప్పుడే పునరుద్ధరిస్తాను, పేరు మాత్రం ఇదే ఉంటుంది. కోకిల అని కావాలంటే చిత్తాళు. ఆడ కొత్తనారు అని మా పుస్తకంలో ఇంతవరకూ ఒక్కరూ లేరు" అన్నాడు.

"అట్లయితే మొదటిది నాదే రాయండి సార్."

"ముందు ఒకటి ఉంటే గదా రాయడానికి!"

ఆ మాటకు నేను లేచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు, బంట్రోతు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. పాపాతమ్మ నన్ను కూర్చోబెట్టి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి రంగనాథన్ను చూసింది.

"నాయనా, నేను ఇరవై రెండేండ్లు అగ్గిపెట్టెలు అంటించినాను. గుడియాత్తం ఫ్యాక్టరీకి నేను అంటించిన పెట్టెలు ఎన్ని బండ్లు పొయ్యిండునో నాకే తెల్దు. పుస్తకంలో యాడా నా పేరు లేదు, పక్కింటి తంగమ్మ పేర రాసుకున్యారు. నా పేరు రాసినోళ్లు ఒకరే. పోలీసు టేసన్లో. బజార్లో ఏది పోయినా నన్ను పట్టకపొయ్యి పేరు రాసుకునేది. పాపాతి అని దానికి మాత్రం సరింగా రాసినారు. ఈ బిడ్డ పేరన్నా మంచి పుస్తకంలో రాయి సామీ."

రంగనాథన్ పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక కాగితం మీద రాసిచ్చాడు. కోకిల అనే పేరుతో కొత్తనారు పని చేసినట్టు సంఘం సంతకం కావాలి, పని చేయించుకున్న ఆసామి సంతకం కావాలి. అవి తెస్తే తనే వచ్చి ఆ పని చూస్తాడు. రెండు నెలల లోపల.

బయటికొచ్చాక కోకిల మెట్ల మీద ఎగిరి గంతేసింది. "దారి ఉండాదన్నా!" అంది. నాకు మాత్రం సంఘం గుర్తొచ్చింది.

సంఘం నాయకుడు చెంగల్రాయలు, సర్కారు నడుపుతున్న పార్టీ మనిషి. ఇంట్లో తెలుగు, వేదిక మీద పచ్చి అరవం. ఆయన ఆత్మగౌరవ ప్రసంగం వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి, నాకే ఎన్నోసార్లు నిక్కబొడుచుకున్నాయి. ప్రతి ప్రసంగంలోనూ తుండు, అదే కండువా, గురించి చెప్తాడు. మన తాతలు దొరల ఎదుట భుజం మీది తుండు తీసి నడుముకు కట్టుకున్నారు, ఆ తుండును మళ్లీ భుజం మీదికి ఎక్కించింది మన ఉద్యమం అని, పార్టీ అంచున్న తన తుండును ఇలా విసిరి భుజాన వేసుకుంటాడు. జనం ఈలలు వేస్తారు.

కోకిలను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, ఆ మర్యాదకు లోటు చెయ్యలేదు. "నీకు కార్డు ఇప్పించింది ఎవురు? మన ప్రభుత్వం గదా. నాకు సంతోసమేమ్మా. కానీ కొత్తనారు అని సంతకం పెడితే, రేపు చిత్తాళ్లందరూ వచ్చి మాకూ రాయి అంటారు. కూలీ సమం చెయ్యమంటారు. మేస్త్రీలు సంఘాన్నే చీలుస్తారు."

"అడగనీ అన్నా. ఏం తప్పు?"

"నీకు తెలీదులేమ్మా" అని తుండు సర్దుకుని లేచాడు.

మూడు వారాలు గడిచాయి. ఏ మేస్త్రీ కోకిలకు తాపీ పని ఇవ్వలేదు. రంగనాథన్ ఇచ్చిన కాగితం నా పెట్టెలో మడత నలుగుతోంది.

అప్పుడు వాసవాంబ కబురు పంపింది. బజారులో వాళ్లది పప్పుల అంగడి. భర్త పోయాక ఆమే నడుపుతోంది. పక్క స్థలంలో కొత్త అంగడి కడుతున్నారు, పని మారియప్పన్ది. బుధవారం వాసకాలు ఎత్తుతున్నారు. అంటే తలవాకిటి ద్వారబంధం, ఆ టేకు చట్రాన్ని పూజ చేసి నిలబెట్టడం. ఆ రోజు తిరునంగైని పిలిచి హారతి తిప్పించుకుని, నెత్తిన చెయ్యి పెట్టించుకుంటే అంగడి కలిసొస్తుందని మా వ్యాపారుల నమ్మకం. శుభానికి పిలుస్తారు, మర్నాడు బజారులో ఎదురైతే తల తిప్పుకుంటారు. వాసవాంబ తల తిప్పుకునే రకం కాదు, అది మాత్రం చెప్పాలి.

కోకిల నన్ను వెంటేసుకుని పాత అంగడికి వెళ్లింది.

"బుధవారం పొద్దున్నే వచ్చి హారతి ఇచ్చిపోయే కోకిలా" అంది వాసవాంబ, కందిపప్పు తూస్తూ.

"ఆరతి మా అమ్మ ఇస్తాదక్కా. నేను వస్తే తాపీ పట్టుకోనే వస్తా. నీ వాసకాలు నేను ఎత్తుతా."

వాసవాంబ త్రాసు ఆపేసింది. నేను ఊపిరి ఆపేశాను. ఆమె కోకిలను చూడలేదు, తన పాత తలుపును చూసింది. ఆ తలుపుకు ఐదు కేజీల తూకపు రాయి ఒకటి అడ్డం పెట్టి ఉంటుంది. చట్రం ఒక పక్కకు ఒరిగి ఉండటంతో, రాయి తీస్తే తలుపు దానంతట అదే మూసుకుపోతుంది. నేను చిన్నప్పుడు బెల్లం కొనేటప్పుడూ ఆ రాయి అక్కడే ఉంది.

"కాపరానికి వచ్చిన నాటినుంచి ఈ తలుపుకు రాయి కాపలా పెడతా ఉండాను. నువ్వు ఎత్తితే తలుపు నిలస్తాదా?"

"యాడ వదిలితే ఆడ నిలస్తాది."

"నిలవకపోతే?"

"అందరి ముందరా తట్ట ఎత్తుకుంటా. మళ్లా తాపీ మాట ఎత్తను."

నేను వెనకనుంచి చీర కొంగు లాగాను, అలాంటి పందెం ఎవరైనా వేస్తారా! కోకిల నా చెయ్యి విదిలించేసింది.

"ముహూర్తం ఆరున్నరకు. తల స్నానం చేసి రా" అని వాసవాంబ మళ్లీ త్రాసు పట్టుకుంది.

బుధవారం ఐదింటికే బజారు సగం అక్కడుంది. మామిడాకులు, పసుపు గుడ్డ కట్టిన చట్రం నేల మీద పడుకుని ఉంది. ముఖ్య అతిథిగా చెంగల్రాయలు కుర్చీలో, భుజం మీద ఇస్త్రీ చేసిన తుండు. వాసవాంబ చేతి పక్కన రెండు పళ్లాలు. ఒకదాంట్లో పంచె, తుండు. అవి చట్రం ఎత్తిన మేస్త్రికి. ఇంకోదాంట్లో రవికగుడ్డలు, పసుపు, కుంకుమ. అవి చిత్తాళ్లకు. ఏ ఇంటికైనా ఇదే మర్యాద.

కోకిల ఆకుపచ్చ చీర, నడుమున తండ్రి తాపీతో వచ్చి నిలబడింది. మారియప్పన్ మొహం ఎర్రబడింది.

"చీర కట్టినోళ్లు వాసకాలు ఎత్తితే మావోళ్లు చెయ్యి పెట్టరమ్మా."

"పెట్టొద్దులే" అంది వాసవాంబ.

మేస్త్రీలు నలుగురూ వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. టేకు చట్రం, నలుగురు మగవాళ్లు ఎత్తాల్సిన బరువు. టైము ఆరు దాటింది. అప్పుడు చిత్తాళ్లలో పెద్దది పొన్నమ్మ తలగుడ్డ బిగించి, "ఏమే, రోజూ మోసేది మనం గదా, ఇది మోయలేమా?" అంది. ఆరుగురు ఆడవాళ్లు వంగారు. నేనూ ఒక మూల పట్టుకున్నాను, ఆ నడుము నొప్పి ఇప్పటికీ ఉంది. పాపాతమ్మ రెండు అరచేతులూ బారుగా చాపి ఫట్‌మని చరిచింది. చట్రం లేచింది!

తర్వాత కోకిల మమ్మల్నెవరినీ చూడలేదు. గుంటలో పాలు పోసి, నవధాన్యాలు వేసి, చట్రం నిలబెట్టి, నిలువు చూసే తూకుగుండును దారంతో వేలాడదీసింది. ముందుపక్క చూసింది, పక్కపక్క చూసింది. కింద పలుచని రాతి చీలిక ఒకటి తోసింది. మళ్లీ చూసింది. మూలనుంచి మూలకు నూలు పట్టి కొలిచింది, రెండో మూలనుంచి కొలిచింది. "సిమెంటు" అంది. పొన్నమ్మ తట్ట అందించింది. తాపీ సిమెంటును తట్టే చప్పుడు తప్ప బజారులో ఇంకో చప్పుడు లేదు. పదేళ్ల తర్వాత, చాటుగా కాకుండా నలుగురి ఎదుట, ఆ చేతికి ఆ చప్పుడు తిరిగొచ్చింది. నా కళ్లు నీళ్లతో నిండాయి, దాచుకోలేదు కూడా.

ఆరున్నరకు ఆమె వెనక్కి జరిగింది.

"కొంచెం ఎడమకు ఒరిగింది" అన్నాడు మారియప్పన్ అరుగు మీదనుంచి.

"నీ గుండుతోనే చూడన్నా" అంది కోకిల.

ఆయన లేచొచ్చి తన గుండు వేలాడదీశాడు. అది రెండు ఊపులు ఊగి ఆగింది. ముందుపక్క సరి. రెండో వైపు వెళ్లాడు. సరి. ఆయన వంగి చాలాసేపు చూశాడు, ఎందుకంటే లేస్తే ఏదో ఒకటి చెప్పాలి గదా. చివరికి లేచి, "జయరాములు మేస్త్రి చెయ్యి" అన్నాడు మెల్లగా.

"కోకిల చెయ్యి" అంది పాపాతమ్మ గట్టిగా.

వాసవాంబ తుండు ఉన్న పళ్లెం తీసుకుని కోకిల ఎదుట నిలబడింది. జనం ముందుకు జరిగారు. కోకిల తుండు తీసి, మడత విప్పి, ఆకుపచ్చ పైట మీదుగా భుజాన వేసుకుంది. ఆ తర్వాత రెండో పళ్లెం వైపు చెయ్యి చూపింది.

"ఆ రవికగుడ్డ గూడా ఇయ్యక్కా. నేనేంటికి ఇడిసేది?"

బజారంతా ఒక్కసారిగా నవ్వింది. వాసవాంబ కూడా నవ్వుతూ రవికగుడ్డ తుండు మీదే పెట్టింది. రెండూ! నేను అదే అదననుకుని, ముందురోజే రాసిపెట్టుకున్న కాగితం తీసి, పళ్లెంలో మిగిలిన పంచె మీద పెట్టి, ఆ పళ్లెం తీసుకెళ్లి చెంగల్రాయలు ముందు పట్టాను.

"అన్నా, ఇప్పుడు తుండు భుజానికి ఎక్కింది. నువ్వు ముప్పై ఏండ్లుగా మైకులో చెప్తా ఉండేది ఇదే గదా? సంతకం పెట్టు."

ఆయన నా వైపు వంగి, "సుందరం, రేపు ఈ ఆడోళ్లందరూ వస్తారు" అన్నాడు.

"రానీ!" అని అరిచాను. నా కోపం గురించి ముందే చెప్పాను.

"చెంగల్రాయప్పా, సంతకం పెట్టకపోతే వచ్చే నెల మీ మీటింగుకు పందిలి నా అంగడి ముందర వేసేదానికి లేదు" అంది వాసవాంబ, చాలా మామూలుగా. ఆ నాలుగు రోడ్ల కూడలిలో ఆమె అంగడి ముందు తప్ప పందిలికి చోటు లేదు.

చెంగల్రాయలు పెన్ను తీశాడు. సంతకం పెట్టాక, ఇంకో రెండు నిముషాలు కుర్చీలోంచి కోకిల భుజాన్నే చూస్తూ కూర్చున్నాడు. పోతూ పోతూ, "తుండు బాగుండాదిమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు, నేను విన్నాను.

ఆసామి సంతకం వాసవాంబ పెట్టింది. చట్రం చుట్టూ గోడ కూడా కోకిలే కట్టింది. వేరేవాళ్లు కడితే చట్రాన్ని తోసేస్తారని మారియప్పన్ను దగ్గరికి రానివ్వలేదు. మూడు వారాలకు తలుపులు బిగించారు. ఆ శుక్రవారం రంగనాథన్ బస్సు దిగి, సంచీలోంచి పుస్తకం తీసుకుని వచ్చాడు. పందెం సంగతి ఆయనకు తెలియదు, మాకు తెలుసు. తలుపు తెరిచి చూపించింది వాసవాంబ. ఆయన గోడ కొలిచాడు, ఏవో రాసుకున్నాడు. తర్వాత ఊరికే చేతికి అందిందని తలుపు తోశాడు. అది సగం దూరం వెళ్లి ఆగింది.

కోకిల కళ్లు మూసుకుంది. తలుపు ఆగినచోటే ఉంది. రంగనాథన్ దాన్ని ఇంకొంచెం లాగి వదిలాడు. అక్కడా ఆగింది. ఇంకోసారి. అక్కడా ఆగింది. ఆయనకు అర్థమై, చిన్నపిల్లాడిలా ఏడెనిమిదిసార్లు తోసి చూశాడు. వాసవాంబ పాత అంగడిలోకి వెళ్లి ఆ ఐదు కేజీల రాయి తీసుకొచ్చి, కొత్త అంగడి త్రాసులో పెట్టింది.

రంగనాథన్ అక్కడే, గల్లాపెట్టె మీద పుస్తకం తెరిచి రాశాడు. మొదటి పేరు.

కార్డు వచ్చిన రోజు పాపాతమ్మ నా చేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి ఆపి, అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా నాయనా బిడ్డ పేరు? ఇది పని పేరా? పక్కపక్కనే ఉండాయే!" అంది. తర్వాత కార్డును కళ్లకు అద్దుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. కోకిల మిఠాయి తెచ్చింది. ఈసారి పొట్లం విప్పింది.

కోకిల వెనకాల పొన్నమ్మ నిలబడి ఉంది. అప్పటిదాకా నేను చూడలేదు. ఆమె వెనక ఇంకో నలుగురు చిత్తాళ్లు.

"కార్డు తిరిగి రాయించుకోవాలంటన్నా వీళ్లకు" అంది కోకిల. "నువ్వే రాయి."

కొత్త దరఖాస్తు తీశాను. పేరు పొన్నమ్మ. ఆడ. చెయ్యి అలవాటుగా కిందికి జారింది. ఆపాను. పెన్ను బల్ల మీద పెట్టాను.

"నువ్వు ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

పొన్నమ్మ కోకిల వైపు చూసింది. ఇరవై ఏళ్లలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. నడుము దగ్గర తడిమి, చీర మడతలోంచి కొత్త తాపీ తీసి నా బల్ల మీద పెట్టింది.

"నేర్చుకుంటా ఉండా నాయనా" అంది. "గోడ కడతా ఉండా."

నేను పెన్ను తీసుకున్నాను.